చక్రాల ఇంటికి ఎండే ఆధారం

స్విచ్ వేస్తే దీపం వెలుగుతుంది. ఫ్రిజ్ తలుపు తెరిస్తే లోపల చల్లగా ఉంటుంది. ఈ రోజు కరెంటు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, రాత్రికి ఎంత మిగిలింది అని దినదినం లెక్క చూసుకునే కుటుంబాలు ఎన్ని ఉంటాయి? నెలాఖరున బిల్లు వచ్చినప్పుడు మాత్రమే దాని సంగతి మనకు గుర్తుకు వస్తుంది. కోత పెట్టినప్పుడు కాసేపు విసుక్కుంటాము, తిరిగి రాగానే మరచిపోతాము.

అయితే తమకు కావలసిన కరెంటునంతా తమ ఇంటి కప్పు మీదనే సంపాదించుకొని, దానితోనే సరిపెట్టుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారి ఇళ్ళకు పునాదులు లేవు, చక్రాలున్నాయి. అమెరికాలో వీటిని ఆర్వీలు అంటారు. ఉద్యోగాల నుండి విరమించిన తరువాత మేమిద్దరం చలికాలపు నెలలను అటువంటి బండిలోనే గడుపుతున్నాము. స్వదేశం నుండి బంధువులు ఫోను చేసినప్పుడెల్లా మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "మరి అక్కడ మీకు కరెంటు ఎలా?"

ఆ ప్రశ్నకు "ఎండ నుండి" అని ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని ఎండ మీద ఆధారపడి బ్రతకడం అంటే ఏమిటో ఆ ఒక్క మాటలో తెలియదు. ముఖ్యంగా ఇంట్లో మందుల మీద, యంత్రాల మీద ఆధారపడినవారు ఉన్నప్పుడు అది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు.

చక్రాల ఇంట్లో ఏముంటుంది?

ఒక చిన్న బస్సును ఊహించుకోండి. అందులో ఒక మంచం, రెండు పొయ్యిలున్న వంటగట్టు, చిన్న ఫ్రిజ్, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు అమర్చి ఉంటాయి. ఇంజనుతో కలిసి ఉన్న బండిని మోటారు హోమ్ అంటారు. వేరే ట్రక్కు వెనుక కట్టి లాక్కుపోయేదాన్ని ట్రెయిలర్ అంటారు. వంటకు, చలి కాచే హీటరుకు ప్రొపేన్ గ్యాసు వాడతారు.

డబ్బు చెల్లించి బస చేసే క్యాంపు స్థలాలలో కరెంటు స్తంభం ఉంటుంది. బండికున్న కేబులును దానికి తగిలిస్తే మామూలు ఇంట్లోలాగే అన్నీ నడుస్తాయి. ఊళ్ళకు దూరంగా ఉన్న ప్రభుత్వ భూముల్లో బండి నిలుపుకుంటే అటువంటి స్తంభం ఉండదు. నీళ్ళు మనమే తెచ్చుకోవాలి, మురుగు మనమే మోసుకుపోవాలి, కరెంటు మనమే చేసుకోవాలి.

అరిజోనా రాష్ట్రంలో ఇంటర్‌స్టేట్ 10 రహదారి పక్కన క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న పట్టణం ఉంది. దాని దక్షిణాన లా పోసా అనే విశాలమైన ఎడారి మైదానం ఉంది. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ శాఖ 1983 నుండి ఇటువంటి చోట్లను దీర్ఘకాలం బసచేసే సందర్శకుల కొరకు కేటాయించింది. అనుమతి పత్రం కొనుక్కున్నవారు సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు అక్కడ ఉండవచ్చు. మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రాల నుండి, కెనడా నుండి ఎంతోమంది వృద్ధ దంపతులు చలికాలంలో అక్కడికి చేరుకుంటారు. సాయంకాలం గుట్ట మీద నుండి చూస్తే దూరదూరంగా నిలిచిన తెల్లని బండ్లు, వాటి కప్పుల మీద నల్లని పలకలు కనిపిస్తాయి. మేము బస చేసేది అక్కడే.

ఎండ ఎలా కరెంటవుతుంది?

వెలుతురు నుండి విద్యుత్తు పుట్టగలదని 1839లో ఎడ్మండ్ బెకెరెల్ అనే ఫ్రెంచి యువకుడు కనుగొన్నాడు. అయితే పనికివచ్చే సిలికాన్ పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో తయారుచేశారు. తన మీద పడిన వెలుతురులో నూటికి సుమారు 6 వంతులను మాత్రమే అది కరెంటుగా మార్చగలిగింది. నేడు మార్కెట్‌లో దొరికే మామూలు పలకలు నూటికి 20 వంతులకు పైగా మార్చగలుగుతున్నాయి. ధర కూడా ఎంతో దిగివచ్చింది. అందువల్లనే పింఛను మీద బ్రతికే కుటుంబాలకు సయితం ఇవి అందుబాటులోకి వచ్చాయి.

మా బండి కప్పు మీద 200 వాట్ల పలకలు మూడు బిగించి ఉన్నాయి. ఇవి గాక నేల మీద నిలబెట్టే 200 వాట్ల మడత పలకలు రెండున్నాయి. అంతా కలిపి 1,000 వాట్లు. పలకల నుండి వచ్చే కరెంటు మొదట ఛార్జ్ కంట్రోలర్ అనే పెట్టెలోకి పోతుంది. బ్యాటరీకి ఎంత వేగంతో, ఎంత వోల్టేజీతో పంపాలో అది చూసుకుంటుంది. అక్కడి నుండి బ్యాటరీల్లోకి, బ్యాటరీల నుండి ఇంట్లోకి వస్తుంది. దీపాలు, ఫ్రిజ్, నీళ్ళ పంపు నేరుగా 12 వోల్టుల మీద నడుస్తాయి. మిక్సీ వంటి ఇంటి సామానుకు మాత్రం ఇన్వర్టర్ కావాలి.

మా బ్యాటరీలు నాలుగు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, ఒక్కొక్కటి 100 ఆంపియర్ అవర్లు. అన్నిటిలో కలిపి దాదాపు 5 యూనిట్ల కరెంటు నిలువ ఉంటుంది. మన ఊళ్ళలో మీటరు తిరిగే యూనిట్ ఏదో ఇక్కడా అదే, అంటే ఒక కిలోవాట్ అవర్. పాత రకం సీసపు బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడైపోతాయి. లిథియం బ్యాటరీలను చాలావరకు వాడుకోవచ్చు. అయితే వీటికీ ఒక బలహీనత ఉంది. సున్నా డిగ్రీలకంటే చల్లబడిన లిథియం బ్యాటరీని ఛార్జి చేయకూడదు. అందుకే వాటిని బండి బయట గాక, మంచం కింద వెచ్చగా ఉండే అరలో పెట్టించాము.

ముందు ఖర్చు, ఆ తరువాత పలకలు

ఆర్వీ కొన్న వెంటనే చాలామంది అడిగేది "ఎన్ని పలకలు పెట్టించాలి?" అని. ముందుగా అడగవలసిన ప్రశ్న అది కాదు. "మాకు రోజుకు ఎంత కావాలి?" అని అడగాలి. జీతం ఎంతో తెలియకముందే ఇంటి ఖర్చు రాసుకునే గృహిణి ఉంటుంది. ఏది తప్పనిసరో, ఏది వాయిదా వేయవచ్చో ఆమెకు తెలుసు. ఇక్కడ కూడా అదే పద్ధతి.

చలికాలపు ఒక మామూలు రోజుకు మా చిట్టా ఇది:

ఫ్రిజ్‌కు 0.7 యూనిట్.
గ్యాసు హీటరులో వేడిగాలిని తోసే ఫ్యానుకు 0.4.
ఫోన్లు, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ పెట్టెకు 0.4.
రాత్రి వాడే శ్వాస యంత్రానికి 0.3.
దీపాలకు, నీళ్ళ పంపుకు 0.1.
మిక్సీకి, ఇతర చిన్న పనులకు 0.1.
ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకు తినే కరెంటు 0.1.

మొత్తం 2.1 యూనిట్లు.

ఈ చిట్టాలో మీకు ఆశ్చర్యం కలిగించే సంగతులు రెండున్నాయి. మొదటిది మిక్సీ. అది 750 వాట్ల యంత్రం, చూడడానికి పెద్ద ఖర్చులా కనిపిస్తుంది. కాని కొబ్బరి పచ్చడి రుబ్బడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు గనుక, రోజంతటి లెక్కలో అది చాలా చిన్నది. రెండవది హీటరు ఫ్యాను. గ్యాసు మండుతుంది గదా, దానికి కరెంటు ఎందుకు అనుకుంటాము. సుమారు 100 వాట్ల ఆ ఫ్యాను చలి రాత్రి ఆగి ఆగి నాలుగు గంటలు తిరిగితే 0.4 యూనిట్ తీసుకుంటుంది. అది కూడా సూర్యుడు లేని వేళలో. పెద్దగా చప్పుడు చేసే యంత్రంకంటే నిదానంగా గంటల తరబడి నడిచే యంత్రమే ఎక్కువ తింటుందని ఈ చిట్టా మాకు నేర్పింది.

కరెంటుతో వేడి పుట్టించే పనులను మాత్రం పూర్తిగా మానుకున్నాము. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, నీళ్ళు కాచే హీటరు మా బండిలో లేవు. అన్నం గ్యాసు మీద ప్రెషర్ కుక్కర్‌లో ఉడుకుతుంది. ఇడ్లీ కూడా అంతే. పిండి రుబ్బడం, ఫోన్లు ఛార్జి చేయడం వంటివి మధ్యాహ్నం 11 నుండి 2 గంటల లోపల ముగించుకుంటాము. ఆ వేళలో పలకలు ఇచ్చేది నేరుగా వాడుకోవచ్చు, బ్యాటరీని ముట్టుకోనక్కరలేదు.

చలికాలపు ఎండ

ఖర్చు తెలిసిన తరువాత రాబడి చూద్దాము. 1,000 వాట్ల పలక పది గంటల పగటిలో పది యూనిట్లు ఇస్తుందనుకోవడం పొరపాటు. ఎండ నిటారుగా పలక మీద పడినప్పుడే అది తన పూర్తి శక్తిని చూపుతుంది.

డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. క్వార్ట్జ్‌సైట్ ఇంకా ఉత్తరాన ఉంది గనుక అక్కడ 33 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. పగలు దాదాపు 10 గంటలు, రాత్రి 14 గంటలు. బండి కప్పు మీద చదునుగా పరచిన పలకకు ఆ ఏటవాలు ఎండ సగమే అందుతుంది. ఆ నెలలో చదునైన పలక మీద పడే వెలుతురును లెక్కగడితే, నిండు ఎండ మూడు గంటలు కాసినదానితో సమానం. అదే పలకను దక్షిణం వైపు తిప్పి, నిటారుగా లేపి నిలబెడితే అయిదు గంటలతో సమానం అవుతుంది. వైర్లలో, దుమ్ములో, బ్యాటరీలోకి ఎక్కించడంలో నాలుగవ వంతు పోతుందని తీసివేయాలి.

ఆ లెక్కన కప్పు మీది 600 వాట్ల నుండి రోజుకు 1.3 యూనిట్లు, నేల మీద నిలబెట్టిన 400 వాట్ల నుండి 1.5 యూనిట్లు వస్తున్నాయి. చూశారా? నేల మీది పలకలు తక్కువైనా ఎక్కువ తెస్తున్నాయి. కప్పు మీది పలకలను కూడా లేపి నిలిపే కమ్మీలు దొరుకుతాయి. కాని 60 ఏళ్ళు దాటినవారు రోజూ నిచ్చెన ఎక్కి, గాలిలో పలకలు లేపడం క్షేమం కాదు. ఒక్కసారి జారితే ఆదా అయిన కరెంటు ఏ మూలకు? అందుకే మడత పలకలను ఎంచుకున్నాము. ఉదయం ఆగ్నేయానికి, మధ్యాహ్నం దక్షిణానికి, సాయంత్రం నైరుతికి వాటిని తిప్పుతాము. గాలి ఎక్కువైతే మడిచి లోపల పెడతాము.

నీడ విషయంలో కూడా జాగ్రత్త వహించాలి. పలకలోని గడులు ఒక వరుసగా కలిపి ఉంటాయి. ఒక చిన్న కొమ్మ నీడ కొన్ని గడుల మీద పడితే, నీడ పడిన భాగంకంటే ఎంతో ఎక్కువ నష్టం కలుగుతుంది. చెట్టు నీడలో బండి నిలిపితే మనుష్యులకు హాయి, పలకలకు పస్తు.

ఆపకూడనివి రెండు

మా ఇంట్లో ఒకరికి చక్కెర వ్యాధి, ఇన్సులిన్ తీసుకోవాలి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి. గడ్డకట్టిపోతే ఇక అది పనికిరాదు. వాడుతున్న సీసా చాలా రకాలలో సుమారు నాలుగు వారాలు మామూలు గది వేడిలో ఉండగలదు. కాని ఎడారిలో మూసిన బండి లోపలి వేడి మామూలు గది వేడి కాదు.

ఇంకొకరికి నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంది. రాత్రంతా ముక్కుకు గొట్టం పెట్టుకొని, గాలిని మెల్లగా తోసే యంత్రం సహాయంతో నిద్రపోవాలి. గాలిని తడిపి వెచ్చచేసే భాగం దానిలో ఉంటుంది. నిజానికి గాలి తోయడానికంటే నీళ్ళు వేడిచేయడానికే అది ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ భాగాన్ని ఆపి వాడవచ్చా అని వైద్యుని అడిగాము. ఆయన సరేనన్న తరువాతనే ఆపాము. ఇన్వర్టర్‌తో పని లేకుండా 12 వోల్టుల మీద నేరుగా నడిపే తీగను కూడా కొన్నాము. ఇప్పుడు ఎనిమిది గంటలకు 0.3 యూనిట్ లోపే సరిపోతున్నది.

కాబట్టి చిట్టాలో ఈ రెంటినీ పై వరుసలో రాసి, చుట్టూ ఎర్ర గీత గీశాము. తక్కినవన్నీ వాటి తరువాతనే. ఏ పరిస్థితిలోనైనా ముందు ఆగవలసినవి ఏవి, చివరి వరకు ఆగకూడనివి ఏవి అనేది ముందుగానే రాసి పెట్టుకోవాలి. చీకటి పడిన తరువాత, బ్యాటరీ తగ్గిపోతుంటే, చలిలో కూర్చుని వాదించుకునే సంగతి కాదిది.

దానితోపాటు ఒక నియమం కూడా పెట్టుకున్నాము. సూర్యాస్తమయం వేళకు బ్యాటరీ నూటికి 40 వంతుల లోపు ఉంటే, మర్నాడు ఉదయమే కరెంటు స్తంభం ఉన్న చోటికి బయలుదేరాలి. 40 ఎందుకంటే, పొదుపు చేసినా రాత్రికి ఒక యూనిట్ కావాలి. అది నూటికి 20 వంతులు. మిగిలినది ప్రయాణంలో ఏదైనా అడ్డం వస్తే ఆసరాగా ఉంటుంది.

మబ్బు పట్టిన మూడు రోజులు

ఎడారిలో వానే రాదనుకుంటారు గాని, చలికాలంలో పసిఫిక్ సముద్రం వైపు నుండి తుఫాను మేఘాలు అప్పుడప్పుడు అంత దూరం వస్తాయి. ఒక జనవరిలో అటువంటి మబ్బు మూడు రోజులు కదలలేదు. దట్టమైన మబ్బులో పలకలు మామూలు రాబడిలో నాలుగవ వంతు కూడా ఇవ్వవు. మాకు మొదటి రోజు 0.6 యూనిట్, తరువాతి రెండు రోజులు 0.5 చొప్పున వచ్చింది.

మొదటి సాయంత్రానికి బ్యాటరీ 100 నుండి 71కి దిగింది. ఆ రాత్రే చిట్టా బయటకు తీసి, కింది వరుస నుండి ఒక్కొక్కటి ఆపుకుంటూ వచ్చాము. ఇన్వర్టర్ పూర్తిగా ఆపాము. ఇంటర్నెట్ పెట్టెను ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే వేశాము. హీటరును 12 డిగ్రీలకు తగ్గించి, స్వెట్టర్లు తొడుక్కొని, రెండేసి దుప్పట్లు కప్పుకున్నాము. మిక్సీకి బదులు చిన్న రోట్లో అల్లం, పచ్చిమిర్చి దంచుకున్నాము. పప్పుచారు, ఆవకాయ, వేడి అన్నం. ఆకలికి ఏమీ లోటు రాలేదు. ఫ్రిజ్ తలుపు రోజుకు నాలుగుసార్లకంటే ఎక్కువ తెరవలేదు.

రోజుకు 2.1 యూనిట్ల ఖర్చు 1.5కు దిగింది. అయినా రాబడి 0.5 మాత్రమే. రెండవ సాయంత్రానికి 52. మూడవ సాయంత్రానికి 34.

ఆ సాయంత్రం మాలో చిన్న చర్చ జరగకపోలేదు. రేడియోలో రేపు మధ్యాహ్నానికి మబ్బు విడవవచ్చునని చెప్పారు. ఇంకొక్క రోజు ఓపిక పడితే ఎండ వస్తుందేమో, ఊరికే క్యాంపు డబ్బులు ఎందుకు అని ఒకరం అన్నాము. రాకపోతే రేపు రాత్రి యంత్రం నడుమ ఆగిపోతుంది, అప్పుడు చీకట్లో ఎక్కడికి పోతాము అని మరొకరం అన్నాము. ఇంతలో డల్లాస్ నుండి మా అబ్బాయి ఫోను చేశాడు. "నాన్నా, మీరు పెట్టుకున్న నియమం ఏమిటి? ముప్ఫయి నాలుగంటే నలభై కంటే తక్కువే కదా. అమ్మా, పొద్దున్నే బయల్దేరండి" అన్నాడు. ఇక మాట్లాడడానికి ఏమీ లేకపోయింది.

ఆ రాత్రి శ్వాస యంత్రం, ఫ్రిజ్, అవసరానికి హీటరు తప్ప మరేదీ నడపలేదు. తెల్లవారేసరికి బ్యాటరీ 15 చూపించింది. ఇంజను నడుస్తున్నప్పుడు దాని ఆల్టర్నేటర్ నుండి ఇంటి బ్యాటరీలకు కరెంటు ఎక్కించే పరికరం మా బండిలో ఉంది. గంటకు అర యూనిట్ ఎక్కిస్తుంది. ఫీనిక్స్ వైపు రెండు గంటలు ప్రయాణం చేసి క్యాంపు స్థలం చేరేసరికి బ్యాటరీలో ఒక యూనిట్ కూడింది. స్తంభానికి కేబులు తగిలించుకొని ఆ రాత్రి వెచ్చగా నిద్రపోయాము.

మబ్బు ఆ మధ్యాహ్నమే విడిపోయింది. అయితే మాత్రమేమి? వెళ్ళడం వృథా అని మాలో ఎవరికీ అనిపించలేదు. వాతావరణం మన చేతిలో లేదు, దాని మీద పందెం కాయవలసినది ప్రాణం కాదు. సోలార్ మీద ఆధారపడడం అంటే ఎట్టి పరిస్థితిలోనూ దానినే పట్టుకొని వేలాడడం కాదు. అది చాలని రోజు ఎప్పుడో ముందే తెలుసుకొని, రెండవ దారి సిద్ధంగా ఉంచుకోవడం కూడా అందులో భాగమే.

వేసవి సంగతి ఏమిటి?

జూన్‌లో అదే ఎడారిలో చదునైన పలక మీద పడే ఎండ డిసెంబరుకంటే రెండున్నర రెట్లు ఎక్కువ. మా పలకలు ఆరు యూనిట్ల వరకు ఇవ్వగలవు. అంటే వేసవిలో కష్టం లేనట్టేనా? కాదు. అక్కడ వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. బండి కప్పు మీది ఎయిర్ కండిషనర్ సుమారు 1,400 వాట్లు తీసుకుంటుంది. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే 11 యూనిట్లు. పైగా పలక ఎంత వేడెక్కితే అంత తక్కువ ఇస్తుంది. 25 డిగ్రీలు దాటిన తరువాత ఒక్కో డిగ్రీకి 0.3 నుండి 0.4 శాతం తగ్గుతుంది. ఎండ ఎక్కువ, కరెంటు ఎక్కువ, కాని అవసరం అంతకంటే ఎక్కువ.

అనుభవం గలవారు దీనికి కనుగొన్న ఉపాయం పలకలలో లేదు, చక్రాలలో ఉంది. వేసవి రాకముందే వారు కొండలెక్కుతారు. అదే అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం సముద్ర మట్టానికి 2,100 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. యంత్రంతో చల్లదనాన్ని కొనడంకంటే చల్లని చోటికి ఇంటినే తీసుకుపోవడం మేలు.

ఎవరు దీని మీద ఆధారపడకూడదు?

క్వార్ట్జ్‌సైట్‌లో మా పొరుగున ఒక వృద్ధుడు ఉండేవాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, వైద్యులు ఆయనకు రాత్రింబగళ్ళు ఆక్సిజన్ యంత్రం పెట్టమన్నారు. మా చిట్టాను చూపి, తన బండికి ఎన్ని పలకలు కావాలో లెక్కగట్టమని అడిగాడు. ఇంట్లో వాడే అటువంటి యంత్రం సుమారు 300 వాట్లు తీసుకుంటుంది. 24 గంటలకు ఏడు యూనిట్ల పైన. అంటే చలికాలంలో మా రాబడికి రెండున్నర రెట్లు, ఆ ఒక్క యంత్రానికే. మబ్బు పడితే రెండవ రోజుకు చేతులెత్తేయాలి. ఆ కాగితం ఆయన చాలాసేపు చూశాడు. ఎడారి అంటే ఆయనకు ఎంతో ఇష్టం. చివరికి పట్టణంలో కరెంటు ఉన్న క్యాంపు స్థలానికి మారిపోయాడు. పగటివేళ చిన్న సిలిండరు వెంట తెచ్చుకొని, మా ముంగిట కుర్చీ వేసుకొని టీ తాగి వెళ్ళేవాడు. లెక్క కాదన్నప్పుడు దానిని ఒప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలని ఆయనను చూసి తెలుసుకున్నాము.

జనరేటరు గురించి ఒక హెచ్చరిక. పెట్రోలు జనరేటరు ఉన్నవారు దానిని కిటికీల పక్కన, బండి కింద పెట్టకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. దానిని గుర్తించి మోగే చిన్న పరికరం ప్రతి బండిలో పనిచేస్తూ ఉండాలి. అలాగే 12 వోల్టులే గదా అని వైర్ల విషయంలో తేలికగా తీసుకోరాదు. ఇన్వర్టర్ 1,500 వాట్లు ఇవ్వాలంటే బ్యాటరీ నుండి 125 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సన్నని వైరు మండిపోతుంది. తగిన లావు వైరు, తగిన ఫ్యూజు, తెలిసినవారి చేతి పని తప్పనిసరి.

మన డాబాల మీద

ఇవన్నీ ఎక్కడో అమెరికాలో బండ్లలో తిరిగేవారి సంగతులు, మనకెందుకు అని చదువరులు అనుకోవచ్చు. కాని 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించిన తరువాత మన తెలుగు ఊళ్ళలో కూడా డాబాల మీద నల్లని పలకలు కనిపిస్తున్నాయి. వాటిని పెట్టించుకునే కుటుంబాలు ఒక ముఖ్యమైన తేడాను గ్రహించాలి.

మా బండి పలకలు బ్యాటరీలను నింపుతాయి. డాబా మీది మామూలు సోలార్ అమరికలో బ్యాటరీ ఉండదు. అది విద్యుత్ సంస్థ లైనుతో కలిసి పనిచేస్తుంది. లైనులో కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే, అది కూడా ఆగిపోతుంది. లైను మీద మరమ్మతు చేసే పనివారికి ఘాతం తగలకుండా అలా అమర్చారు. బిల్లు తగ్గించడానికి అది ఎంతో మంచిది. కాని ఇంట్లో ఆక్సిజన్ యంత్రం, శ్వాస యంత్రం, ఇన్సులిన్ ఉన్నవారు "పలకలున్నాయి గదా" అని ధీమాగా ఉండరాదు. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందని ముందే అడగండి. అవసరమైనవాటి వరకైనా బ్యాటరీ ఏర్పాటు చేసుకోండి.

ఇంకొక పని కూడా చేయండి. దీనికి పలకలు అక్కరలేదు. ఒక ఆదివారం సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టుకొని, మీ ఇంట్లో నడిచే ప్రతి యంత్రం మీద రాసి ఉన్న వాట్లను వారిచేత చదివించండి. రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో రాయించి, హెచ్చించి, వెయ్యితో భాగించమనండి. యూనిట్లు వస్తాయి. ఆ కాగితం మీద ఆపకూడనివాటి చుట్టూ ఎర్ర గీత గీయమనండి. ఇంట్లో తాతగారి మందు ఫ్రిజ్‌లో ఉందని, అమ్మమ్మ యంత్రం రాత్రంతా నడవాలని పిల్లలకు ఆనాడు తెలుస్తుంది. ఎవరూ లేని గదిలో తిరుగుతున్న ఫ్యానును ఆపమని ఆ తరువాత వారికి మనం చెప్పనక్కరలేదు.